దీపం వెలిగితే వింటున్నట్టు

"గాజులు తీసేయండి."

అమ్మడుతో అతను మాట్లాడిన మొట్టమొదటి మాట అదే. పలకరింపు లేదు, నవ్వు లేదు. సెట్టు మూలనున్న అద్దాల గదిలోంచి బయటికొచ్చి, చెవులకు తగిలించుకున్న రెండు నల్లటి డిప్పలను కొంచెం పక్కకు జరిపి, గుమ్మంలో నిలబడి ఆ ఒక్క మాటా అన్నాడు.

"ఎందుకు తీయాలి?" అంది అమ్మడు.

"మోగుతున్నాయండీ."

"గాజులన్నాక మోగవా?"

"మోగుతాయి. కానీ మీరు 'నన్ను మరిచిపోకు' అంటుంటే నాకు మాత్రం 'నన్ను గలగల మరిచి గలగల పోకు' అని వినబడుతోంది."

పైన లైట్లు పట్టుకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. అమ్మడు ముక్కుపుటాలు అదిరాయి. ఆమె తెరమీద కనిపిస్తే చాలు, జనం కుర్చీల మీదికెక్కి ఈలలు వేసేవాళ్ళు. అటువంటి మనిషిని పట్టుకుని, కొత్తగా వచ్చిన ఈ సౌండు మనిషి గాజుల గురించి పాఠం చెబుతున్నాడు!

గాజులు తీసింది. టేకు మొదలైంది. మళ్ళీ ఆగింది.

"లోలాకులు కూడా..."

తీసింది. మళ్ళీ ఆగింది.

"ఆ పట్టుబట్టలు గరగరలాడుతున్నాయండీ. మెత్తటి నూలుబట్ట ఏదైనా..."

"తర్వాత ఏం తీసేయమంటారు, మా పిన్నినా?" అంది అమ్మడు చిర్రెత్తుకొచ్చి.

అతను కాస్త ఇబ్బందిగా సెట్టు అంచునున్న కుర్చీవైపు చూశాడు. అందులో పిన్ని తల వెనక్కి వాల్చి హాయిగా నిద్రపోతోంది. "ఆవిడ గురించే అడుగుదామనుకుంటున్నాను. గురక చాలా స్పష్టంగా పడుతోంది" అన్నాడు.

ఆ సాయంత్రానికి అమ్మడు అతనికి చెవులబ్బాయి అని పేరు పెట్టేసింది. మర్నాటికి స్టూడియో అంతా అదే పేరు. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు.

నిజానికి కోపం చెవులబ్బాయి మీద కాదు. మాటల సినిమా అనే కొత్త వింత మీద. మూగ సినిమాల్లో అమ్మడు మహారాణిలా బతికింది. కెమెరా తిరుగుతుంటే ప్రొడ్యూసరు గారు బాకా పట్టుకుని, "ఇప్పుడు ఉలిక్కిపడు! ఇప్పుడు ఏడు! కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వు!" అని అరుస్తుంటే, ఆమె అలా చేసుకుంటూ పోయేది. గుర్రమెక్కమంటే ఎక్కింది, గోడ దూకమంటే దూకింది. ఇప్పుడు ఎవరూ అరవకూడదు, దగ్గకూడదు. బూట్ల కింద గుడ్డలు కట్టుకోవాలి. కెమెరా చప్పుడు వినబడకూడదని దాన్ని దుప్పట్లు కొట్టిన పెట్టెలో పెట్టి, కెమెరామన్‌ని కూడా అందులోనే మూసేశారు. టేకు అయ్యాక ఆయన ఉడికిన ఆలుగడ్డలా పొగలు కక్కుతూ బయటపడేవాడు.

అన్నిటికంటే పెద్ద చిక్కు పూలకుండీతో. మైకు అందులో దాచారు. అమ్మడు హీరోని ప్రేమగా చూస్తూ మాటలు మాత్రం కుండీకి చెప్పాలి.

"ఇంతకీ నేను ప్రేమించేది హీరోనా, కుండీనా?" అని అడిగింది ఒకరోజు.

"హీరోని చూడండి, కుండీకి చెప్పండి" అన్నాడు చెవులబ్బాయి అద్దం వెనకనుంచి.

"హీరోగారికి ఈర్ష్య పుడుతుందేమో!"

"ఆయన గొంతు ఇంకా కుండీదాకా రావడం లేదండీ. ఆ దిగులులో ఉన్నారు."

అమ్మడుకి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. శత్రువు జోకులకు నవ్వడం ఏమంత మర్యాద?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమ్మడు గొంతు కాస్త బొంగురు. మెల్లగా, లోతుగా, మబ్బుపట్టిన మధ్యాహ్నంలా ఉంటుంది. చిన్నప్పుడు ఇంట్లో కూనిరాగం తీస్తే, "ఎవర్రా ఆ మగపిల్లాడు?" అని చుట్టాలు నవ్వేవాళ్ళు. అమ్మానాన్నలు పోయాక పెంచి పెద్దచేసిన పిన్ని ఒక్కతే, "నీ గొంతుకేమే, బంగారం" అనేది. పిన్ని మాట ఎవరు లెక్కచేస్తారు? మూగ సినిమాల్లోకి వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు మళ్ళీ నెత్తిమీదికి వచ్చింది.

ప్రొడ్యూసరు గారు నాటకాల మాస్టారొకరిని పెట్టారు. "గొంతు పైకెత్తమ్మా! చివరి వరసలో కూర్చున్న చెవిటివాడికి కూడా వినబడాలి!" అని ఆయన రోజూ సాధన చేయించేవారు. అమ్మడు ప్రాణం పెట్టి గొంతెత్తేది. అద్దాల గదిలోంచి అతను, "తగ్గించండి... మళ్ళీ" అనేవాడు. ఎత్తమని ఒకరు, దించమని ఒకరు. మధ్యలో అమ్మడు గొంతు కీచుమని పగిలేది.

చివరికి ప్రొడ్యూసరు గారు పక్కకు పిలిచి మెత్తగానే చెప్పారు. "అమ్మాయ్, ఏమీ అనుకోకు. నీ మొహం తెరమీద బంగారం. గొంతుకి మాత్రం తెరవెనక ఇంకొకావిణ్ణి కూర్చోబెడదాం. నువ్వు పెదాలు కదుపు, చాలు."

అమ్మడు తలాడించింది. ఊరంతా అంటించిన పోస్టర్లమీద ఆమె బొమ్మ కింద 'మాట్లాడుతుంది! పాడుతుంది!' అని పెద్ద అక్షరాలున్నాయి.

ఆ రోజంతా టేకుకీ టేకుకీ మధ్య ఆమె కుండీ పక్కనే కూర్చుని పిన్నితో గుసగుసలాడింది. మాటల మధ్యలో తలెత్తినప్పుడల్లా అద్దం వెనక చెవులబ్బాయి కనిపించేవాడు. టీ తాగేటప్పుడు కూడా ఆ డిప్పలు తీయడు. ఒకసారి ఏ కారణమూ లేకుండా తనలో తానే నవ్వుకున్నాడు. ఒకసారి ఉన్నట్టుండి తల దించుకున్నాడు. పిచ్చివాడేమో పాపం అనుకుంది అమ్మడు.

రెండు రోజుల తర్వాత తీసినంతవరకూ వేసి చూసుకోవడానికి అందరూ ప్రొజెక్టరు గదిలో చేరారు. దీపాలు ఆర్పారు. తెరమీద అమ్మడు పువ్వులా నవ్వింది, నోరు తెరిచింది. కీచుమంది. గదిలో ఎవరో దగ్గారు. అమ్మడు చీకట్లో పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బొమ్మ అయిపోయింది. తెర నల్లబడింది. కానీ చప్పుడు ఆగలేదు.

ఆ నలుపులోంచి ఒక గొంతు వచ్చింది. తొందరలేని గొంతు. చెవి పక్కనే కూర్చుని, మనకొక్కరికే చెబుతున్నట్టుంది. "కాళ్ళు లాగుతుంటే ఆ స్టూలు మీద చాపుకో. ఎవరూ ఏమీ అనరులే..."

అమ్మడు గుండె జారిపోయింది. నా బదులు మాట్లాడబోయేది ఈవిడన్నమాట, అనుకుంది. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఎంత బాగుంది! ఇలా మాట్లాడగలిగితే నేనూ ఎవరికీ చోటిచ్చేదాన్ని కాదు కదా!

గొంతు సాగింది. "నాకా? నాకేం, బాగానే ఉన్నాను. కొంచెం భయం, అంతే. తెరమీద నా పెదాలు కదులుతాయి, మాట ఇంకెవరిదో వస్తుంది. అప్పుడిక నేనెక్కడున్నట్టు పిన్నీ?"

పిన్నీ!

అమ్మడు ఒళ్ళు ఝల్లుమంది. తన మామూలు గొంతు బయటినుంచి ఎలా వినబడుతుందో ఆమెకు ఏనాడూ తెలియదు. ఎవరికి మాత్రం తెలుసు?

"ఆ చెవులబ్బాయి 'మళ్ళీ' అన్నప్పుడల్లా వెళ్ళి ఆ చెవులు మెలేయాలనిపిస్తుంది. కానీ ఒకటి చెప్పనా? నవ్వితే బాగుంటాడు. ఎవరితోనూ అనకేం."

గది గొల్లున నవ్వింది. దీపాలు వెలిగాయి. ప్రొడ్యూసరు గారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడుతున్నారు. "ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా! మాస్టారూ, మీకో నమస్కారం, ఇక సెలవు తీసుకోండి. ఈ గొంతే మాట్లాడాలి!"

అమ్మడు మొహం కందగడ్డలా అయింది. ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది.

చెవులబ్బాయి వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "కోపమొచ్చిందా?"

"లేదు, పండగ చేసుకుంటున్నాను! మైకు ఆపలేదా మీరు?"

"ఆపలేదు. మీరు మామూలుగా మాట్లాడేది వింటుంటే... ఇంత మంచి గొంతుని వదులుకుంటున్నారని నా ప్రాణమే గిలగిలలాడింది. వాళ్ళకు వినిపిస్తే మీ మాట మీకే ఉంటుందని రికార్డు చేశాను. చివరి మాట కత్తిరిద్దామనుకున్నాను. తొందరలో ఎక్కువే వెళ్ళిపోయింది."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే మీరు మాస్టారు చెప్పినట్టు గొంతెత్తేవారు."

"ఎత్తేదాన్నేమో. అయినా అడగాల్సింది. నా గొంతు పోతుందనే కదా ఏడ్చాను? దాన్ని మీరు నాకు చెప్పకుండా తీసుకెళ్ళి పదిమందిలో పెట్టారు. ఇంక నా దగ్గర ఏం మిగిలింది చెప్పండి."

అమ్మడు వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి సెట్టులో అమ్మడు డైలాగు తప్ప ఒక్క మాట అదనంగా మాట్లాడితే ఒట్టు. పిన్నికి మంచినీళ్ళు కావాలా అని చేత్తో సైగ. ఆకలేస్తోందని పొట్టమీద తట్టుకోవడం. "ఇదేంటే, మళ్ళీ మూగ సినిమాల్లోకి వెళ్ళిపోయావా?" అంది పిన్ని. అద్దం వెనక చెవులబ్బాయి మాత్రం ఎండిన మొక్కలా వాడిపోయాడు. "బాగుంది" అనే మాట కూడా భయం భయంగా అనేవాడు.

మాటల సీన్లు ఎలాగో గట్టెక్కాయి. ఇక మిగిలింది పాట. పడవెక్కి వెళ్ళిపోయినవాడి కోసం ఒడ్డున నిలబడి పాడే పాట. సెట్టు వెనక వాయిద్యాలు వాయిస్తుంటే ఇక్కడ నిలబడి అప్పటికప్పుడు పాడాలి.

"పాట మాత్రం మొదట నీ గొంతుకి బదులు అనుకున్న ఆ గాయని చేతే వెనకనుంచి పాడిద్దాం. మాటలు వేరు, పాట వేరు" అన్నారు ప్రొడ్యూసరు గారు.

"నేనే పాడతానండీ."

"నువ్వా?"

"పోస్టర్లమీద నేనేగా పాడతానని ఉంది."

ఆయన గడ్డం గోక్కుని సరేనన్నారు. రేపు ఒక్కసారి చూద్దాం, కుదరకపోతే గాయని. కానీ ఆ సాయంత్రం సాధనలో అమ్మడు కుండీ ముందు నిలబడగానే గొంతు బిగుసుకుపోయింది. ఇంట్లో స్నానాలగదిలో హాయిగా జారిన పాట ఇక్కడ గడప దాటనంటోంది. ఆ పూల వెనక ఒక చెవి ఉంది. అది ఎప్పుడు వింటుందో, ఏం తీసుకుపోతుందో ఆమెకు తెలియదు. ఆ అనుమానం ఉండగా మనిషి గొంతు విప్పి ఎలా పాడుతుంది?

మర్నాడు పొద్దున్నే వాన పట్టుకుంది. స్టూడియోది రేకుల కప్పు. చినుకు పడితే చాలు, పైన వెయ్యి గుర్రాలు పరిగెత్తినట్టుండేది. ఇంక సౌండు పని అసాధ్యం. ప్రొడ్యూసరు గారు ఆకాశాన్ని తిట్టుకుంటూ కూర్చున్నారు. మిగతావాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని తలుపుల దగ్గర చేరారు. తడిసిన మట్టి వాసన, తడిసిన గాలి లోపలికి వచ్చి, సెట్టులో వేసిన ఉత్తుత్తి నది కూడా నిజంగా పారుతున్నట్టనిపించింది.

చెవులబ్బాయి మాత్రం నిచ్చెనెక్కి కుండీకెదురుగా ఉన్న స్తంభానికి ఏదో బిగిస్తున్నాడు. అమ్మడు ఎంతసేపు చూడనట్టు నటించగలదు? నటి అయినా మనిషే కదా. దగ్గరికి వెళ్ళింది.

"ఏంటది?"

"దీపం" అన్నాడతను కిందికి చూసి. వాన హోరులో సరిగ్గా వినబడలేదు. అతను నిచ్చెన దిగి దగ్గరికొచ్చాడు. "మైకు తీగకే కలిపేశాను. ఇది వెలిగితే నేను వింటున్నట్టు, ఆరితే విననట్టు. ఇది వెలగకుండా మైకు పనిచేయదు. నేను కావాలన్నా కుదరదు."

"ఆకుపచ్చది పెట్టారేం?"

"స్టోరులో అదొక్కటే ఉందండీ."

అమ్మడు ఆ బల్బువైపే చూస్తూ నిలబడింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఈ వానలో మైకు పెట్టినా ఏమీ వినబడదు. అందుకని ఇప్పుడే చెబుతున్నాను. మీకు మంచి చేస్తున్నాననుకున్నాను. మీ మంచి ఏదో మీకే బాగా తెలుసు కదా, నేనెవర్ని? తప్పు చేశాను. క్షమించమని అడగడం లేదు, తెలిసిందని చెబుతున్నాను."

అమ్మడు బల్బుమీంచి చూపు తిప్పి అతనివైపు చూసింది. తర్వాత, "ఏమేం విన్నారు?" అంది.

"అన్నీ."

"అన్నీ అంటే?"

"పిన్నిగారి డబ్బాలో బిస్కట్లు మీరు తినేసి, హీరోగారి మీద పెట్టింది."

"అబ్బో!"

"హీరోగారు ముద్దుగా చూస్తుంటే తుమ్ము ఆపుకుంటున్నట్టుంటాడని అన్నది."

"అది నిజమేగా!" అమ్మడుకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు కూడా బొంగురుగానే ఉంది. అతను దాన్ని వింటూ కళ్ళు మూసుకోబోయి, తమాయించుకున్నాడు. "ఇది అన్యాయం" అంది ఆమె. "నా గుట్టంతా మీ దగ్గరుంది. మీదొకటైనా నాకు చెప్పండి, సమానమవుతాం."

"నేను నిద్రలో 'సైలెన్స్!' అని అరుస్తానట. మా అమ్మ చెప్పింది."

"ఇంకోటి."

"మిమ్మల్ని మూగ సినిమాల్లో చూసినప్పుడల్లా, ఈవిడ గొంతు ఎలా ఉంటుందో అని ఆలోచిస్తూ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఈ ఉద్యోగంలో చేరడానికి అదీ ఒక కారణమే."

అమ్మడు మొహం తిప్పేసుకుంది. బయట వాన ఇంకా పెరిగింది. రేకులమీంచి నీళ్ళు తెరలా జారుతుంటే, లోకంలో వాళ్ళిద్దరే ఉన్నట్టూ, ఉన్నది నీళ్ళ అడుగున అయినట్టూ అనిపించింది.

"మీరు మాట్లాడడం మానేశాక ఈ డిప్పల్లో లైట్ల రొద తప్ప ఏమీ లేదు" అతను హోరుకి అందేలా గొంతు పెంచాడు. "ఇక్కడ ఉండబుద్ధి కాదు, ఇంటికి వెళ్ళబుద్ధి కాదు. అసలు సంగతేంటంటే, నేను మిమ్మల్ని..."

వాన ఠక్కున ఆగిపోయింది.

"...మిమ్మల్ని!" అన్న కేక స్టూడియో అంతా మోగింది. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"మిమ్మల్ని... కుండీ దగ్గరికి రమ్మంటున్నాను. టేకుకి వేళైంది" అని అతను తల వంచుకుని అద్దాల గదిలోకి దూరిపోయాడు.

అందరూ తమ తమ చోట్లకు చేరారు. తలుపులు మూశారు. కెమెరామన్ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని పెట్టెలోకి వెళ్ళాడు. పిన్నిని ఎవరో మెల్లగా తట్టి లేపారు. అమ్మడు కుండీ ముందు నిలబడి వెనక వాయిద్యాలవాళ్ళను పిలిచింది. "కొంచెం శ్రుతి దించండి. ఇంకొంచెం. అదీ, అక్కడ."

ఆకుపచ్చ దీపం వెలిగింది.

అమ్మడు దానివైపు చూసింది. అతను వింటున్నాడు. వింటున్నాడని తనకు తెలుసు, తనకు తెలుసని అతనికీ తెలుసు. గొంతులో బిగుసుకున్న ముడి ఏదో వదులైంది.

పాడింది. చివరి వరస చెవిటివాడి కోసం కాదు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పుకుంటున్నట్టు పాడింది. పడవ వెళ్ళిపోయింది అన్నచోట గొంతు కొంచెం గరుకైంది, అక్కడే ఆ పాట నిజమైంది. లైట్లవాళ్ళు కదలడం మానేశారు. వయొలిన్ ఆయన చివరి చరణానికి వాయించడం మరిచిపోయి వింటూ ఉండిపోయాడు. పాట ముగిసింది. ప్రొడ్యూసరు గారు కళ్ళు తుడుచుకుంటూ 'కట్' అనే మాట మరిచిపోయారు. తెరవెనకనుంచి ఆ గాయనే తొంగిచూసి, "నాకిక్కడ పనిలేదులెండి" అని నవ్వింది.

దీపం వెలుగుతూనే ఉంది.

అమ్మడు కుండీ మీదికి వంగింది. పూలు పెదాలకు తగిలేంత దగ్గరగా వచ్చి, చాలా మెల్లగా మాట్లాడింది. సెట్టులో ఉన్నవాళ్ళకి పెదాలు కదలడమే కనిపించింది. వినబడింది ఒక్కడికే.

"ఈ మాట మీరు వినాలనే చెబుతున్నాను. ఆ వానలో ఆపేసిన మాట పూర్తిచేయండి. నన్నడగండి. అడిగితే ఒప్పుకుంటాను. కానీ అడగాలి."

అద్దం వెనక అతను బొమ్మలా అయిపోయాడు.

"ఏమంటోందయ్యా ఆ అమ్మాయి? పాట ఇంకా ఉందా?" అన్నారు ప్రొడ్యూసరు గారు.

"పాట కాదు" అంది పిన్ని కుర్చీలోంచి లేవకుండానే. "ఇన్నేళ్ళు మూగ సినిమాల పక్కన కూర్చున్నాను, పెదాలు చూస్తే ఆ మాత్రం తెలియదూ? అడిగితే ఒప్పుకుంటానంటోంది. ఆ, అడగవయ్యా మరి! గాజులు తీయమనడానికి ఉన్న నోరు ఇప్పుడేమైంది?"

చెవులబ్బాయి బయటికొచ్చాడు. డిప్పలు తీయడం మరిచిపోయాడు, వాటి తీగ గుమ్మానికి తగులుకుని తల వెనక్కి లాగింది. విడిపించుకుని వచ్చి కుండీకి అవతల నిలబడ్డాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా అండీ? తొందరేమీ లేదు. ఆలోచించుకునే చెప్పండి."

ఇంత పాట పాడిన మనిషికి అప్పుడు గొంతు పెగల్లేదు. అమ్మడు కళ్ళనిండా నీళ్ళతో తల ఊపింది.

"తల ఊపితే ఏం లాభమమ్మా!" అని ప్రొడ్యూసరు గారు కుర్చీమీద చరిచారు. "అవతల ఫిల్ము తిరుగుతోంది. మనం తీస్తున్నది టాకీ! నోరు విప్పి చెప్పు!"

అమ్మడు కన్నీళ్ళు తుడుచుకుంది. అతని మొహంలోకి చూస్తూ, ఎవరూ నేర్పని తన సొంత గొంతుతో, "చేసుకుంటానండీ" అంది.